సంక్షేమ శాఖలో పరిశోధన ఉద్యోగం: పథకం చేరాల్సినవాళ్ళకి చేరుతోందో లేదో తేల్చడం ఎలా

సంక్షేమ శాఖ పరిశోధన విభాగంలోకి కొత్తగా వచ్చిన ఉద్యోగి చేతికి మొదట అందేది ఒక్క వాక్యపు ఆదేశం: "ఫలానా పథకం అమలు తీరును అధ్యయనం చేసి నివేదిక సమర్పించవలెను." దీన్ని పట్టుకుని నేరుగా ప్రశ్నావళి రాయడానికి కూర్చోకండి. అలా మొదలైన అధ్యయనాలు లావుపాటి నివేదికలై బీరువాలో చేరతాయి. ముందు తెలుసుకోవాల్సినవి మూడు. ఈ నివేదిక చూసి నిర్ణయం తీసుకునేది ఎవరు, ఆ నిర్ణయం ఏమిటి, ఎప్పటిలోగా తీసుకుంటారు. బడ్జెట్ ప్రతిపాదనలు పంపడానికి నాలుగు నెలలే ఉంటే, పది నెలల సర్వే ఎంత గొప్పదైనా పనికిరాదు.

అడిగినవాళ్ళకే చాలాసార్లు తమకేం కావాలో స్పష్టంగా ఉండదు. దాన్ని బయటికి రప్పించడానికి ఒక ఉపాయం ఉంది. అర పేజీలో రెండు గడుల పట్టిక గీయండి. ఎడమ గడిలో "అర్హుల్లో పథకం అందనివారు 10 శాతంలోపు", "10 నుంచి 30 శాతం", "30 శాతం పైన" అని రాసి, కుడి గడి ఖాళీగా వదిలి పై అధికారికి ఇవ్వండి. ఏ ఫలితం వస్తే ఏం చేస్తారో ఆయన చేతే రాయించండి. మూడింటికీ ఒకే జవాబు వస్తే ఆ సర్వే అవసరం లేదు, ఆ డబ్బు ఇంకో పనికి వాడుకోవచ్చని మర్యాదగా ఫైల్లో రాయండి. జవాబులు వేరువేరుగా వస్తే ఆ కాగితాన్ని ఫైల్లోనే ఉంచండి. ఫలితాలు వచ్చాక "మేం అడిగింది ఇది కాదు" అనే మాట పుట్టకుండా కాపాడేది అదే.

తరవాత నివేదికలో రాబోయే పట్టికలన్నీ అంకెలు లేకుండా గీయండి. ఏడెనిమిది చాలు. ఏ పట్టికలోకీ వెళ్ళని ప్రశ్న ప్రశ్నావళిలో ఉండకూడదు. "ఎలాగూ వెళ్తున్నాం కదా, ఇది కూడా అడుగుదాం" అని ప్రతి సెక్షన్ నుంచీ చీటీలు వస్తాయి. ఖాళీ పట్టికలు చూపించి అప్పుడే ఆపాలి.

జాబితాలో లేనివాళ్ళు

ఈ ఉద్యోగంలో తరచుగా జరిగే తప్పు, పెద్ద తప్పు కూడా, ఒకటే: లబ్ధిదారుల జాబితా తీసుకుని అందులోంచి నమూనా ఎంచుకోవడం. జాబితా చేతిలో సిద్ధంగా ఉంటుంది, చిరునామాలుంటాయి, ఖర్చు తక్కువ. "అందుతోందా?" అని అడిగితే 95 శాతం మంది "అందుతోంది" అంటారు. అందనివాళ్ళు అసలు ఆ జాబితాలోనే లేరు మరి.

లెక్క ఇలా ఉంటుంది. ఒక ప్రాంతంలో 1,000 కుటుంబాలున్నాయి. వాటిలో నిజంగా అర్హమైనవి 300. పథకం అందుతున్నవి 250. ఈ 250లో అర్హమైనవి 180, అనర్హమైనవి 70. అందని అర్హులు 300కి 120, అంటే 40 శాతం. దీన్ని వెలివేత దోషం అందాం. చేరిన అనర్హులు 250కి 70, అంటే 28 శాతం. ఇది చొరబాటు దోషం. రెండు దోషాలకీ హారాలు వేరు. మొదటిదానికి అర్హుల సంఖ్య, రెండోదానికి లబ్ధిదారుల సంఖ్య. రెండింటినీ 1,000తో భాగించి "12 శాతం, 7 శాతం" అని రాసే నివేదికలు కనిపిస్తూనే ఉంటాయి. అందులో లెక్క తప్పు లేకపోయినా సమస్య మూడో వంతుకన్నా తక్కువకి కుంచించుకుపోయి కనబడుతుంది.

పత్రికలకీ ఖజానా వాళ్ళకీ చొరబాటు దోషం మీద మోజు ఎక్కువ, ఎందుకంటే అది డబ్బు వృథాగా కనిపిస్తుంది. వెలివేత దోషం గురించి గొంతెత్తేవాళ్ళుండరు. ఆ అంకెని ముందు పెట్టాల్సింది పరిశోధన విభాగమే.

కాబట్టి ఇంటింటి జాబితా కొత్తగా రాయాలి. ఎంచుకున్న ప్రతి పేటలో 100 నుంచి 150 ఇళ్ళున్న ఒక ముక్కని హద్దులతో గుర్తించి, ఒక మూల నుంచి మొదలుపెట్టి ప్రతి తలుపూ తట్టాలి. ఇక్కడ జారిపోయేవాళ్ళు ఎప్పుడూ దాదాపు ఒకే రకం మనుషులు: ఒంటరిగా ఉండే వృద్ధులు, పెరట్లో పాకలో ఉండేవాళ్ళు, దుకాణం వెనక గదిలో కాపురమున్నవాళ్ళు, పనికోసం కొన్ని నెలలు వచ్చి ఉండేవాళ్ళు, ఒకే కప్పు కింద వేరుగా వండుకుంటున్న రెండో కుటుంబం. "ఈ ఇంట్లో ఎంతమంది?" అని అడిగితే వీళ్ళు రారు. "ఈ ఆవరణలో ఎన్ని పొయ్యిలు వెలుగుతాయి? వెనక ఇంకెవరైనా ఉంటున్నారా?" అని అడగాలి. ఒకే వంట తినేవాళ్ళంతా ఒక కుటుంబం అనే నిర్వచనాన్ని, ఎన్ని నెలలు ఉంటే ఇక్కడివాళ్ళుగా లెక్కించాలనే గీటునీ శిక్షణలోనే తేల్చేయాలి. క్షేత్రంలో ఎవరికి తోచినట్టు వాళ్ళు చేస్తే తరవాత సరిదిద్దలేరు. ఇళ్ళే లేనివాళ్ళు, ఆశ్రమాల్లో ఉండేవాళ్ళు ఈ పద్ధతిలో ఎటూ దొరకరు. వాళ్ళని విడిగా లెక్కించండి. వీలుకాకపోతే, వాళ్ళు ఈ లెక్కలో లేరని నివేదిక మొదటి పేజీలోనే చెప్పండి.

1899లో సామాజిక పరిశోధకుడు సీబోమ్ రౌంట్రీ ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో నమూనా జోలికి పోకుండా 11,560 కార్మిక కుటుంబాల వివరాలు సేకరించాడు. మొత్తం 46,754 మంది. 1912లో గణాంక శాస్త్రవేత్త ఆర్థర్ బౌలీ ఇంగ్లండులోనే రెడింగ్ పట్టణంలో సుమారు ఇరవై ఇళ్ళకి ఒకటి చొప్పున చూసి పని నడిపించాడు. అందరినీ చూడక్కర్లేదు, కానీ ప్రతి ఇంటికీ ఎంపికయ్యే అవకాశం ఉండాలన్నది అప్పటినుంచీ ఈ వృత్తికి ఆధారం. ఆ అవకాశాన్ని ఇచ్చేది ఇంటింటి జాబితా.

ఎన్ని ఇళ్ళు?

"95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 పాయింట్ల తేడాతో" అంటే 384 అనే అంకె అందరికీ కంఠస్థం. 95 శాతం నమ్మకానికి వాడే 1.96ని వర్గంచేసి 0.25తో (సగం మంది అవును, సగం మంది కాదు అన్నప్పటి 0.5 × 0.5) గుణించి 0.05 వర్గంతో భాగిస్తే వచ్చేది అది. ఇది చీటీలు తీసినట్టు ఊరంతా కలిపి ఎంచుకున్నప్పటి లెక్క. నిజానికి మనం పేటలు ఎంచుకుని, ఒక్కో పేటలో కొన్ని ఇళ్ళు చూస్తాం. ఒకే పేటలోని ఇళ్ళు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి పన్నెండో ఇల్లు కొత్తగా చెప్పేది తక్కువ. అందుకని 384ని పెంచాలి. పేటకి 12 ఇళ్ళు, పోలిక 0.05 (0 అంటే అసలు పోలిక లేదు, 1 అంటే పేటలో ఇళ్ళన్నీ ఒకటే) అనుకుంటే గుణకం 1 + 11 × 0.05 = 1.55. అప్పుడు 595 ఇళ్ళు. పదోవంతు మంది దొరకరు, లేదా జవాబివ్వరు కాబట్టి 0.9తో భాగిస్తే 661. పేటకి 12 చొప్పున 56 పేటలు, మొత్తం 672 ఇళ్ళు. ప్రయాణం తగ్గుతుందని పేటకి 30 ఇళ్ళు తీసుకుంటే గుణకం 2.45కి ఎగబాకుతుంది, అంతే కచ్చితత్వానికి 1,050 ఇళ్ళు కావాలి. పేటలు 35కి తగ్గుతాయి నిజమే. రెండింటి ఖర్చూ లెక్కేసి ఎంచుకోండి.

ఈ 672 అర్హుల సంఖ్య అని మరిచిపోతే పని మొత్తం చెడుతుంది. అర్హులు మొత్తం కుటుంబాల్లో 30 శాతమే అయితే, కళ్ళు మూసుకుని 672 ఇళ్ళు ఎంచుకుంటే అర్హులు 200 మంది చిల్లరే దొరుకుతారు. అందుకే ఇంటింటి జాబితా రాసేటప్పుడే అర్హత తేల్చే ఐదారు ప్రశ్నలు అడిగి, ప్రతి పేటలో అర్హుల నుంచి 12, మిగతావారి నుంచి 4 ఎంచుకోండి. ఆ నాలుగు ఇళ్ళే చొరబాటు దోషాన్ని పట్టిస్తాయి. అప్పుడు మొత్తం ఇంటర్వ్యూలు 896. ప్రతి పేటకీ మూడు అంకెలు రాసుకోవాలి: జాబితాలో ఎన్ని ఇళ్ళు, అర్హులుగా తేలినవి ఎన్ని, రెండు గుంపుల్లో ఎంచుకున్నవి ఎన్నెన్ని. ఇవి పోతే తూకాలు, అంటే ఎంచుకున్న ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ళకి బదులో చెప్పే అంకెలు, వేయలేరు. తూకాలు లేకుండా కూడిన శాతాలన్నీ తప్పులే.

వ్యవధి అంచనా: ఇద్దరు కలిసి ఒక పేట జాబితాని రెండు రోజుల్లో పూర్తిచేస్తారు. ఎనిమిది జతలుంటే 14 రోజులు. పదహారు మంది రోజుకి ఐదేసి ఇంటర్వ్యూలు చేస్తే 896కి 12 రోజులు. ప్రయాణాలు, సెలవులు, రెండోసారి వెళ్ళడాలు కలిపితే ఆరు వారాలు. నాలుగు వారాల్లో చేస్తామని పై వాళ్ళకి మాటిచ్చిన సర్వేల్లో చివరి వారం ఇంటర్వ్యూలు ఎప్పుడూ పొట్టిగా ఉంటాయి.

ప్రశ్నావళి

"మీకు పథకం అందుతోందా?" అనేది ప్రశ్న కాదు. దాన్ని విడగొట్టాలి. పథకం గురించి విన్నారా, దరఖాస్తు చేశారా, చేయకపోతే ఎందుకు, ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగారు, మంజూరైందా, చివరిసారి ఏ తేదీన అందింది, ఎంత అందింది, చేతికి ఎవరు తీసుకున్నారు, ఖర్చు గురించి ఇంట్లో ఎవరు తేల్చారు. ఇలా అడిగితే పైపు ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. విననివాళ్ళే ఎక్కువగా ఉంటే ప్రచారం లోపం. దరఖాస్తు దగ్గరే ఆగిపోతే కాగితాల భారం. మంజూరై కూడా అందకపోతే చెల్లింపుల సమస్య. మూడింటికీ మందులు వేరు, శాఖలో బాధ్యులూ వేరు.

ఆదాయాన్ని ఒక్క అంకెగా అడగకండి. సంక్షేమ శాఖ నుంచి వచ్చామని తెలిశాక ఎవరైనా తగ్గించే చెబుతారు, అది అబద్ధం కన్నా జాగ్రత్త. ఎవరెవరు ఏ పనికి వెళ్తారు, నెలలో ఎన్ని రోజులు, రోజుకెంత అని అడిగి మనమే కూడాలి. ఖర్చుల వివరాలతో సరిచూసుకోవాలి.

ఎన్ని రోజుల వెనక్కి అడుగుతున్నారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. భారత జాతీయ నమూనా సర్వే 55వ విడతలో, 1999–2000లో, తిండి ఖర్చుని అవే కుటుంబాలని 7 రోజులకీ 30 రోజులకీ పక్కపక్క గళ్ళలో అడిగారు. ఒక జవాబు రెండోదాన్ని లాగింది. 1993–94 విడతలో 30 రోజుల ప్రశ్న ఒక్కటే ఉండేది. దాంతో పేదరికం 1993–94లోని 36 శాతం నుంచి 26 శాతానికి నిజంగా తగ్గిందా, ప్రశ్న మారడం వల్ల తగ్గినట్టు కనిపించిందా అని ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి. పాత సర్వేతో పోల్చాల్సిన ప్రశ్న ఉంటే దాని మాటల్ని, క్రమాన్ని, కాలవ్యవధిని అక్షరం మార్చకండి. మెరుగైన ప్రశ్న తట్టినా సరే. తప్పదంటే సగం ఇళ్ళలో పాతది, సగం ఇళ్ళలో కొత్తది అడగండి. ఏ ఇంట్లో ఏది అన్నది చీటీ తేల్చాలి.

"తెలియదు", "చెప్పలేదు", "వర్తించదు" అనేవి మూడు వేరువేరు జవాబులు, మూడు వేరు కోడ్‌లు. డబ్బు గడుల్లో 98, 99 కోడ్‌లు వాడితే ఎవరో ఒకరు వాటిని నిజమైన మొత్తాలుగా కూడేస్తారు, అక్కడ రుణ సంఖ్యలు వాడండి. ఇంటర్వ్యూ 40 నిమిషాలు దాటకూడదు. నమూనాలో లేని 30 ఇళ్ళలో పైలట్ (ప్రశ్నావళికి ముందస్తు పరీక్ష) చేసి, జవాబులకన్నా అడిగేవాళ్ళు ఎక్కడ తడబడ్డారో, ఎదుటివాళ్ళు ఎక్కడ "అంటే?" అన్నారో రాసుకోండి. పైలట్ తరవాత ప్రశ్నావళి కనీసం ఐదోవంతు మారకపోతే పైలట్ సరిగా చేయలేదని అనుమానించడం మంచిది.

క్షేత్రంలో చెడిపోయేవి

శిక్షణ ఐదు రోజులు. రెండు తరగతిలో, రెండు ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతూ, ఒకటి నిజమైన ఇళ్ళలో. ఐదుగురికో సూపర్‌వైజర్.

ఎన్యూమరేటర్లు (ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు అడిగేవాళ్ళు) బద్ధకస్తులని కాదు గానీ, పని ఎటు తేలికైతే అటు జారుతుంది. కుటుంబ సభ్యుడు పెరిగితే ఒక పేజీ పెరిగే ప్రశ్నావళిలో రెండో వారానికి కుటుంబాలు చిన్నవవుతాయి. "అవును" అంటే పది ప్రశ్నలు తెరుచుకునే చోట "కాదు"లు ఎక్కువవుతాయి. దీన్ని పట్టుకోవడానికి ప్రతి సాయంత్రం ఎన్యూమరేటర్ వారీగా మూడు సగటులు చూడాలి: కుటుంబ సభ్యుల సంఖ్య, "కాదు"ల శాతం, ఇంటర్వ్యూ నిమిషాలు. ఒకరి అంకెలు మిగతావారికి దూరంగా ఉంటే మర్నాడు పక్కన కూర్చోండి. పదో వంతు ఇళ్ళకి వేరే మనిషి మళ్ళీ వెళ్ళి, రోజులతో మారని ఆరు ప్రశ్నలే అడగాలి. గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఈ బాధకి ఒక చక్కటి మార్గం చూపించాడు. ఒకే ప్రాంతంలో రెండు స్వతంత్ర నమూనాలు తీసి రెండు బృందాలకి విడిగా అప్పగించడం. రెండు బృందాల అంచనాల మధ్య ఉన్న తేడా పనితనంలోని లోపాన్ని బయటపెడుతుంది.

తాళం వేసిన ఇంటికి బదులు పక్కింటికి వెళ్ళడం నిషేధం. పగలు ఇంట్లో ఉండేవాళ్ళూ ఉండనివాళ్ళూ ఒకరకం మనుషులు కారు. మూడుసార్లు, మూడు వేరు వేళల్లో, అందులో ఒకటి రాత్రి భోజనానికి ముందు వెళ్ళాలి. అప్పటికీ దొరకకపోతే "దొరకలేదు" అనే రాయాలి.

దారి చూపిస్తానని వచ్చే స్థానిక సిబ్బందిని గుమ్మం బయటే మర్యాదగా ఆపాలి. మంజూరు చేసేవాడు పక్కనే నిలబడి ఉండగా లంచం గురించి ఎవరూ నోరు విప్పరు. మొదటి మాటల్లోనే "మీరు చెప్పేదాన్ని బట్టి మీకు పథకం రాదు, ఉన్నది పోదు" అని చెప్పాలి. చెప్పడమే కాదు, నిజంగా అలాగే జరగాలి. సర్వేలో దొరికిన అనర్హుల పేర్లు ఇవ్వమని అమలు విభాగం అడగడం మామూలే. ఇవ్వకూడదు. ఒక్కసారి ఇచ్చారని బయటికి పొక్కితే ఆ శాఖ సర్వేలకి ఆ తరవాత నిజం చెప్పేవాళ్ళుండరు. జర్మనీలో 1983 జనగణనకి వ్యతిరేకంగా జనం కోర్టుకెళ్ళారు. ఆ డిసెంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తన సమాచారం మీద హక్కు మనిషిదేనని తీర్పిచ్చింది. పేర్లు, చిరునామాలు వేరే ఫైల్లో పెట్టి తాళం వేయండి. ప్రచురించే పట్టికల్లో ఐదుకన్నా తక్కువ మంది ఉన్న గడిని మూసేయండి.

శాఖ దగ్గరున్న రికార్డులు

సర్వే లేకుండా రికార్డులతోనే పని జరగొచ్చు, చవక కూడా. కానీ అవి చెల్లింపుల కోసం రాసినవి, పరిశోధన కోసం కాదు. కంప్యూటర్లోని ఏ గడినైనా నమ్మేముందు 50 కాగితపు దరఖాస్తులు తీసి పోల్చండి. చెల్లింపుల లెక్కకి అవసరంలేని గడులు, అంటే చదువు, వృత్తి లాంటివి, తోచినట్టు నింపి ఉంటాయి.

రెండు శాఖల రికార్డులు కలిపేటప్పుడు కాలం ముక్కలు సరిపోవాలి. ఆస్ట్రేలియాలో రోబోడెట్‌గా పేరుపడిన విధానం ఇక్కడే కూలింది. పన్ను శాఖ లెక్కలోని ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకి సమానంగా పంచి, భృతి తీసుకున్నవాళ్ళు పక్షానికొకసారి చెప్పిన ఆదాయంతో పోల్చి, తేడాని బాకీగా వసూలు చేశారు. సగం ఏడాది పక్షానికి 2,000 డాలర్లు సంపాదించి, పని లేని సగం ఏడాది భృతి తీసుకున్న మనిషి ఈ సగటులో ప్రతి పక్షం 1,000 సంపాదించినట్టు తేలతాడు, దాచిపెట్టినవాడవుతాడు. ఇది చట్టానికి నిలవదన్న సలహా 2014లోనే శాఖ లోపల ఉందని, దాన్ని పక్కనపెట్టారని 2023లో రాయల్ కమిషన్ నివేదిక తేల్చింది. ఇలాంటి ప్రతిపాదన మీ బల్లమీదికి వస్తే మాటతో చెప్పి ఊరుకోకండి. పది నిజమైన కేసులు చేత్తో లెక్కగట్టి, ఎన్ని తప్పాయో ఫైల్లో రాసి సంతకం, తేదీ పెట్టండి.

పథకం వల్లే మార్పు వచ్చిందా?

ఈ ప్రశ్నకి పోలిక లేకుండా జవాబు లేదు. లబ్ధిదారులు ముందుకన్నా బాగున్నారంటే అందరూ బాగుపడి ఉండొచ్చు. మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా అనే పేదల నగదు సాయ పథకానికి డబ్బు ఒకేసారి అన్ని ఊళ్ళకీ చాలదు. ఆ కొరతనే వాడుకున్నారు. మూల్యాంకనానికి తీసుకున్న 506 ఊళ్ళలో 320కి ముందు, 186కి తరవాత ఇవ్వాలని చీటీతో తేల్చారు. మీ పథకం కూడా విడతలవారీగా మొదలవుతుంటే, విడతల క్రమం ఖరారు కాకముందే అడగాలి. ఉత్తర్వులు వెలువడ్డాక చేయగలిగింది చాలా తక్కువ. పథకం ఒక సూచికని 50 నుంచి 60 శాతానికి మార్చిందో లేదో పట్టుకోవాలంటే ఒక్కో గుంపులో కనీసం 385 మంది, దాని మీద పైన చెప్పిన పేటల గుణకం. అంత లేకపోతే ప్రభావం గురించి మాట్లాడకుండా చేరిక గురించే రాయండి.

నోట్ రాయడం

ఒక పేజీ ముఖ్యాంశాలు, మూడు పేజీల సారాంశం, ఇరవై అయిదు పేజీల నివేదిక. నిర్ణయించేవాళ్ళు చదివేది మొదటి పేజీ. అందులో పద్ధతి గురించి రెండు వాక్యాలకి మించొద్దు. "40 శాతం, అటూ ఇటూ 5" అని అంచనా పరిధితో రాయండి. కింద మూడు మార్గాలు పెట్టండి, ఒకటి ఏమీ మార్చకపోవడం. ప్రతిదానికీ ఖర్చు, కావాల్సిన సిబ్బంది, ఏ నిబంధన మార్చాలో రాయండి. "అవగాహన పెంచాలి" అనే సిఫార్సుతో ఎవరూ ఏమీ చేయలేరు. "దరఖాస్తుకి జతచేయాల్సిన ఆరు పత్రాల్లో ఈ రెండూ శాఖ దగ్గరే ఉన్నాయి, అడగడం మానొచ్చు" అంటే మర్నాడే సర్క్యులర్ ఇవ్వొచ్చు.

ఫలితం చేదుగా ఉంటే పై అధికారి దాన్ని మొదట పత్రికలో చూడకూడదు, మీ నోట్లో చూడాలి. విడుదల తేదీని సర్వే మొదలయ్యేముందే ఖరారు చేయించుకుంటే తరవాత ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది. పదాలు మెత్తబరచమంటే మెత్తబరచండి. అంకె మార్చమంటే కుదరదని రాతపూర్వకంగా చెప్పండి.

బదిలీకి ముందు

పెన్షన్ దాకా ఒకే సీట్లో ఉండే ఉద్యోగం కాదిది. ఎంచుకునే వీలుంటే మొదటి రెండు మూడేళ్ళు దరఖాస్తులు తీసుకునే కౌంటర్‌కి దగ్గరగా ఉండే పోస్టింగ్ అడగండి, తరవాత గణాంక విభాగం, ఆ తరవాతే విధాన విభాగం. ఈ క్రమం తిరగబడినవాళ్ళు రాసే నిబంధనల్లో కౌంటర్ దగ్గర క్యూ కనిపించదు.

మీరు వేసిన తాత్కాలిక అంచనా మీకన్నా ఎక్కువకాలం బతుకుతుంది. అమెరికా సామాజిక భద్రతా సంస్థలో పనిచేసిన మోలీ ఓర్షాన్‌స్కీ 1963–65 మధ్య ఒక పేదరిక గీటు లెక్కగట్టింది. ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉన్న కుటుంబాలు ఆదాయంలో మూడో వంతు తిండికి పెడుతున్నాయని 1955 సర్వే చూపింది కాబట్టి, చవక భోజన ప్రణాళిక ఖర్చుని మూడుతో గుణించింది. 1969లో అదే అధికారిక గీటైంది. తరవాత కుటుంబాల ఖర్చులో తిండి వాటా బాగా తగ్గిపోయినా, ధరల సవరణ తప్ప ఆ గుణకం మారలేదు. కాబట్టి ఏ అంచనా కిందనైనా అది ఏ ఏడాది దేన్ని ఆధారం చేసుకుందో, ఎన్నేళ్ళకి తిరిగి లెక్కగట్టాలో, ఏ అంకె మారితే ముందే మార్చాలో రాసిపెట్టండి.

బదిలీ ఉత్తర్వు వచ్చాక అప్పగింత ఫోల్డర్ తయారుచేయాలంటే కుదరదు, ప్రతి అధ్యయనం చివర అప్పటికప్పుడే కట్టాలి. అందులో ఉండాల్సినవి: అడిగిన ప్రశ్నావళి తుది ప్రతి, పేటల మూడు అంకెల పట్టిక, కోడ్‌బుక్ (ఏ కోడ్‌కి ఏ అర్థమో రాసిన పట్టిక), శుభ్రంచేయని డేటా, శుభ్రంచేసిన డేటా, మధ్యలో ఏం మార్చారో వరసగా రాసిన కాగితం, నివేదికలోని ప్రతి పట్టికా ఏ లెక్కతో వచ్చిందో. మీ సీట్లోకి వచ్చే మనిషి మీకు ఒక్క ఫోన్ కూడా చేయకుండా మొదటి పట్టికని తిరిగి రప్పించగలగాలి. వెళ్ళేముందు పక్క సెక్షన్ వాళ్ళకి ఫోల్డర్ ఇచ్చి ఒకసారి చేయించి చూడండి. ఆగిపోయిన చోటల్లా ఒక లైను చేర్చండి.